ముందు కనబడేది ఎర్రదీపమే

మఠంపల్లి నుంచి పదో తరగతి పిల్లవాడొకడు ఉత్తరం రాశాడు. రెండు ఫొటోలు జత చేశాడు. రెండూ 2024 మే నెల సౌర తుఫాను నాటివే. ఒకటి డాలస్‌లో ఉండే మేనమామ సెల్‌ఫోనుతో తీసి పంపింది. ఆకాశం నిండా గులాబీ, ఊదా, అడుగున కాస్త పచ్చదనం. రెండోది లడఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ కెమెరాకు చిక్కింది, పేపర్లో వచ్చింది. అందులో కొండల మీద ఎరుపు తప్ప మరో రంగు లేదు. "సార్, లడఖ్‌లో ఎరుపొక్కటే ఎందుకు? మా ఊళ్లో ఎప్పటికైనా కనిపిస్తుందా?" అని అడిగాడు. ఈ నెల నేను రాయాల్సిన వ్యాసం వేరే ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను.

ఆ ఫొటోల్లోని ఆకాశపు వెలుగు, అంటే అరోరా, ఎలా పుడుతుందో చాలామందికి తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. సూర్యుడి మీద మచ్చల గుంపు దగ్గర విస్ఫోటాలు జరుగుతాయి. విద్యుదావేశమున్న వేడి వాయువు అంతరిక్షంలోకి ఎగజిమ్ముతుంది. రెండు మూడు రోజుల్లో అది భూమి అయస్కాంత క్షేత్రాన్ని తాకి అతలాకుతలం చేస్తుంది. అక్కడి ఎలక్ట్రాన్లు ధ్రువాల వైపు పై గాలిలోకి దూసుకొచ్చి అణువులను, పరమాణువులను గుద్దుతాయి. అవి వెలుగుతాయి. అంతే.

రంగుల్లోకి వెళ్లేముందు ఒక తమాషా చెప్పాలి. మ్యాపు తీసి చూడండి. డాలస్, హాన్లే రెండూ ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 32.8 డిగ్రీల దగ్గర. కానీ అరోరాకు మన మ్యాపుతో పనిలేదు. దానికి కావాల్సింది అయస్కాంత అక్షాంశం. భూమి అయస్కాంత అక్షం కెనడా ఉత్తర దీవుల వైపు ఒరిగి ఉంటుంది. అందుకే ఆ లెక్కలో డాలస్ 41 డిగ్రీల దగ్గరుంటే హాన్లే 24 దగ్గరే ఆగిపోతుంది. మఠంపల్లి అయితే 8 చిల్లర. మేనమామది అదృష్టం కాదు నాయనా, అయస్కాంతం ఆయన వైపు ఒరిగింది.

ఇక ఎరుపు సంగతి. నాకు ప్రాణమైన భాగం ఇదే. అరోరాలో పచ్చరంగునూ, ఈ ఎరుపునూ ఇచ్చేది ఒక్కటే, ఆక్సిజన్ పరమాణువు. దాన్ని రెండు మెట్లున్న అరుగు అనుకోండి. దెబ్బ తగిలి రెండో మెట్టెక్కిన పరమాణువు ముప్పావు సెకను అటూ ఇటూ ఆగి, మొదటి మెట్టు మీదికి దిగుతూ పచ్చటి కాంతినిస్తుంది. దాని తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు. మొదటి మెట్టు మీదున్నది నేలకు దిగితే వచ్చేది ఎరుపు, 630 నానోమీటర్లు. కానీ ఆ దిగడానికి దానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది! సాధారణంగా పరమాణువు కాంతిని వదలడానికి సెకనులో కోటో వంతు చాలు. రెండు నిమిషాలంటే దానికి యుగాలు.

ఆ రెండు నిమిషాలూ ఎవరూ దాన్ని తాకకూడదు. వంద కిలోమీటర్ల ఎత్తులో గాలి ఎంతో పలచన అనుకుంటాం గానీ, అక్కడ కూడా ఒక్కో కణం సెకనుకు వేలసార్లు పక్కవాటిని గుద్దుకుంటుంది. ఎర్రకాంతి ఇవ్వాల్సిన శక్తి ఆ తోపులాటలోనే ఖర్చైపోతుంది. తొందరగా దిగే పచ్చరంగుకే అక్కడ బతుకు. 250, 300 కిలోమీటర్లు దాటితే కణం కిలోమీటరుకు పైగా పోతేగానీ మరో కణం ఎదురవదు. ఆ ఏకాంతంలోనే ఎరుపు పుడుతుంది.

ఇది తెలియక మహామహులే బోల్తాపడ్డారు. స్వీడన్‌కు చెందిన ఆంగ్‌స్ట్రామ్ 1867లో అరోరా పచ్చ గీతను కొలిచాడు. ఆ గీతను ప్రయోగశాలలో పుట్టించడం ఎవరి తరమూ కాలేదు. ఖండాలు కదులుతాయని చెప్పిన వెగెనర్, పైన మనకు తెలియని తేలిక వాయువేదో ఉందని ఊహించి దానికి జియోకరోనియం అని పేరు కూడా పెట్టేశాడు. నార్వే వాడు వెగార్డ్ అది గడ్డకట్టిన నైట్రోజన్ ధూళి అని పట్టుబట్టాడు. 1925లో టొరంటోలో మెక్లెన్నన్, ష్రమ్ ఆక్సిజన్‌లో హీలియం దండిగా కలిపి వెలిగించి ఆ పచ్చ గీతను పట్టుకున్నారు. కొత్త మూలకం లేదు, ఏమీ లేదు, రోజూ పీల్చే ఆక్సిజనే. వెగెనర్ మీద నాకు కోపం లేదు. ఖండాల విషయంలో ఆయన్ను చూసి నవ్వినవాళ్లదే తప్పని తేలింది, ఇక్కడ ఆయన వంతు వచ్చింది.

ఇప్పుడు హాన్లేకి వద్దాం. మఠంపల్లి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కదా. రాత్రిపూట దూరం నుంచి బండి మీద వస్తుంటే ముందు ఏం కనబడుతుంది? పొగగొట్టం కొసన ఎర్రదీపం. గేటు దగ్గరి లైట్లు చెట్ల చాటునే ఉంటాయి. అరోరా కూడా అంతే. పచ్చతెర 110 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే, భూమి గుండ్రం కాబట్టి 1,200 కిలోమీటర్లు దాటినవాడికి కనబడదు. 400 కిలోమీటర్ల ఎత్తున్న ఎరుపు మాత్రం 2,200 కిలోమీటర్ల దాకా దిగంతం మీద తలెత్తుతుంది.

హాన్లే విషయంలో మరో కారణం కూడా ఉంది. అక్కడ చిక్కిన దాన్ని స్థిరమైన ఎర్రచాపం అన్నారు. భూమి చుట్టూ తిరిగే విద్యుత్ వలయం నుంచి వేడి కిందికి జారి, పై గాలిలోని ఎలక్ట్రాన్లను కాచుతుంది. వాటికి ఆక్సిజన్‌ను మొదటి మెట్టెక్కించే సత్తువే ఎక్కువగా ఉంటుంది. రెండో మెట్టుకు దాదాపు రెట్టింపు శక్తి కావాలి. పచ్చ ఎక్కణ్ణుంచి వస్తుంది?

దీనివల్ల ఉపయోగమేమిటని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1989 మార్చిలో ఇలాంటి తుఫానే కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు కరెంటు లేకుండా చేసింది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన మన సూర్య పరిశోధన నౌక ఆదిత్య-ఎల్1 ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన కాపలా కాస్తోంది. చాలా? ఫోన్లు కాలిపోతాయా అని మాత్రం అడగకండి, కాలవు.

మీ ఊరి నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో, చౌటుప్పల్‌లో, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్ల అయస్కాంత పరిశోధన కేంద్రముంది. సౌర తుఫాను వచ్చిన ప్రతిసారీ భూ అయస్కాంత బలం తగ్గడం అక్కడి పరికరాలు నమోదు చేస్తాయి. అంటే అరోరా కంటికి ఆనకపోయినా, దాన్ని పుట్టించిన తుఫాను మన జిల్లాల మీదుగానే పోతుంది.

మరి కంటికి? 1872 ఫిబ్రవరి 4న బొంబాయిలో అరోరా కనబడింది. బొంబాయి అయస్కాంత అక్షాంశం మఠంపల్లి కంటే రెండు మూడు డిగ్రీలే ఎక్కువ. కాబట్టి, బాబూ, అసాధ్యమని నేననను. పెద్ద తుఫాను వార్త విన్న రాత్రి ఊరి లైట్లకు దూరంగా వెళ్లు. కృష్ణా నది వైపు వీపు పెట్టి, ఉత్తరాన దిగంతానికి ఆనించి చూడు. మసక చీకట్లో మన కన్ను ఎరుపును సరిగా పట్టలేదు, కాబట్టి ఫోనును కదలకుండా పెట్టి పది సెకన్ల ఫొటో తియ్యి. ఎర్రగా పరుచుకుని కనిపిస్తే వెంటనే నాకు పంపు. వెలుగుతూ ఆరుతూ ఉంటే మాత్రం అది పొగగొట్టమే.