వేరుపారడం, ఫలించడం: క్రైస్తవ విశ్వాస జీవితం - ఒంగోలు అనుభవం

1. పరిచయం

క్రైస్తవ సంఘాల వాడుకలో 'వేరుపారడం', 'ఫలించడం' అనే మాటలు తరచూ వినిపిస్తాయి. ప్రసంగాల్లో, ప్రార్థనల్లో, పాటల్లో ఇవి బాగా నలిగిన మాటలు కాబట్టి వాటి అర్థమేమిటని ఆగి అడిగేవారు తక్కువ. ఒక సంఘం బాగా ఫలిస్తున్నదని ఎవరైనా అన్నప్పుడు దేనిని ఉద్దేశించి అంటున్నారు? సభ్యుల సంఖ్య పెరిగిందనా, కొత్త మందిరం కట్టారనా, కానుకలు ఎక్కువ వస్తున్నాయనా, లేక మనుషుల నడవడి మారిందనా? ఈ నాలుగూ ఒకటి కావు.

ఈ తేడా తెలియకపోతే మనుషులు గాయపడతారు. ఇంట్లో నయంకాని జబ్బుతో మనిషి ఉన్న కుటుంబానికి "మీ విశ్వాసంలో లోపముంది, అందుకే ఫలం లేదు" అని చెప్పేవారు కనిపిస్తారు. ఆ మాట క్రైస్తవ లేఖనాలకు సరిపోతుందా అనేది ఈ పాఠం చివరికి మీరే తేల్చుకోగలగాలి.

మీరు క్రైస్తవ విశ్వాసులు కావచ్చు, కాకపోవచ్చు. ఒక మతం తన గురించి తాను ఏమి చెప్పుకుంటుందో, ఆ మాట చరిత్రలో ఎలా పరీక్షకు నిలిచిందో తెలుసుకోవడమే ఇక్కడ మన పని. ముందుగా బైబిలులోని ఉపమానాలను, తరువాత తెలుగు నేల మీద జరిగిన ఒక ఉదాహరణను పరిశీలిద్దాం.

2. లేఖనాల్లో వేరు

కీర్తనల గ్రంథం మొదటి అధ్యాయంలో నీతిమంతుణ్ణి నీటి కాలువల పక్కన ఉన్న చెట్టుతో పోల్చారు. అక్కడ వాడిన హీబ్రూ పదానికి 'ఒకచోటి నుండి తెచ్చి నాటిన' అనే అర్థం ఉంది. నారు పోసి నాటు వేసే రైతుకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఆ చెట్టు దానంతట అది మొలిచింది కాదు. ఎవరో నీరు అందే చోటు చూసి నాటారు. అది ఏడాది పొడవునా కాస్తుందని కూడా ఆ కీర్తన అనదు. తన రుతువులో కాస్తుందని మాత్రమే దాని భావం. కాపు లేని నెలల్లో కూడా వేరు పని చేస్తూనే ఉంటుంది.

యేసు చెప్పిన విత్తువాని ఉపమానంలో రాతినేల మీద పడిన విత్తనం అన్నిటికంటే ముందుగా మొలకెత్తుతుంది. మన్ను లోతు లేకపోవడమే ఆ తొందరకు కారణం. ఎండ కాయగానే అది మాడిపోతుంది. వేగంగా కనిపించిన ఎదుగుదలను బలంగా పొరబడవద్దన్నది ఇందులోని హెచ్చరిక. ఎండను ఆ ఉపమానం శ్రమలతో, హింసతో పోల్చింది. వేరు ఉన్నదీ లేనిదీ తెలిసేది కష్టకాలంలోనే.

3. ద్రాక్షావల్లి, తీగెలు

యోహాను సువార్త 15వ అధ్యాయంలోని మాటలు యేసు తన మరణానికి ముందు రాత్రి శిష్యులతో చెప్పినవి. ఆయన తనను ద్రాక్షావల్లితోను, శిష్యులను తీగెలతోను, తండ్రిని తోటను చూసుకునే వ్యవసాయకునితోను పోల్చారు. ఈ భాగంలో గమనించవలసినవి మూడున్నాయి.

మొదటిది, తీగెకు అప్పగించిన పని వల్లిలో నిలిచి ఉండటం. అక్కడి గ్రీకు క్రియకు 'ఉండిపోవు, బస చేయు' అని అర్థం. ఆ క్రియ ఈ భాగంలో పదేపదే వస్తుంది. ఫలం ఆ నిలకడ నుండి వస్తుందే గాని, తీగె విడిగా కష్టపడి తయారుచేసేది కాదు.

రెండవది, ఫలం గురించిన మాటలు ఒకరినొకరు ప్రేమించమనే ఆజ్ఞ వైపు నడుస్తాయి. గలతీయులకు రాసిన లేఖలో పౌలు కూడా ఆత్మ ఫలమంటూ ప్రేమ, ఆనందం, శాంతి, ఓర్పు, దయ, మంచితనం, విశ్వసనీయత, మృదుత్వం, నిగ్రహం అనే తొమ్మిది గుణాలను చెబుతాడు. ఇందులో సంపద లేదు, ఆరోగ్యం లేదు, సంఖ్య లేదు. ఈ గుణాలు సాటి మనిషితో వ్యవహరించేటప్పుడే బయటపడతాయి.

మూడవది, కత్తిరింపు. కాసే తీగెనే వ్యవసాయకుడు కత్తిరిస్తాడని ఈ ఉపమానం చెబుతుంది. ఆ గ్రీకు క్రియకు 'శుభ్రం చేయు' అనే అర్థం కూడా ఉంది. దక్కన్‌లో ద్రాక్ష పండించే రైతులకు ఇది బాగా తెలిసిన పని. చలి దేశాల్లో ద్రాక్షను ఏడాదికి ఒకసారి కత్తిరిస్తే సరిపోతుంది. మన దగ్గర సాధారణంగా వేసవిలో ఒకసారి, వర్షాకాలం వెళ్ళాక అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తిరిస్తారు. పంట కోసం చేసేది రెండవ కత్తిరింపు. వేసవి కత్తిరింపు తరువాత వచ్చే కొమ్మలు అప్పుడు కాయవు. కాని రాబోయే పంటకు కావలసిన మొగ్గలు ఆ కొమ్మల్లోనే లోలోపల ఏర్పడతాయి. ఆ నెలల్లో తోటను చూసి ఇది కాయని తోట అనేవాడికి ద్రాక్ష సాగు తెలియదన్నమాట.

అయితే ఒక జాగ్రత్త అవసరం. బాధలన్నీ దేవుడి కత్తిరింపే అని ఈ ఉపమానం చెప్పడం లేదు. పొరుగువాడి కష్టానికి కారణం తేల్చే అధికారాన్ని అది తీగెకు ఇవ్వలేదు. ఏ తీగెను ఎక్కడ కత్తిరించాలో నిర్ణయించేది వ్యవసాయకుడే.

4. ఒంగోలు: సంఖ్యకు ముందు వేరు

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ 1836లో మొదలైంది. చాలాకాలం దానికి కనిపించే ఫలితాలు లేవు. దానిని మూసివేయాలా అనే చర్చ కూడా జరిగింది. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే. అక్కడి మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ.

క్లౌ కంటే ముందే ఆ ప్రాంతంలో విశ్వాసాన్ని పలికినవాడు యర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. అంతకుముందు గురువుల దగ్గర యోగసాధన చేసిన మనిషి. 1866లో భార్య నాగమ్మతో పాటు బాప్తిస్మం పొందాడు. వ్యాపారం కోసం ఊళ్ళు తిరుగుతూ తనవారికి తన విశ్వాసం గురించి చెప్పాడు.

మాదిగలు చేరడం మొదలవగానే సంఘానికి మొదటి పరీక్ష ఎదురైంది. వారిని చేర్చుకోకపోతే తాము వస్తామన్న సూచన అగ్రకులాల వారి నుండి వచ్చింది. క్లౌ దంపతులు మాదిగలను వదులుకోలేదు. పలుకుబడి గలవారు దూరమయ్యారు. అది ఒక విధమైన కత్తిరింపే.

రెండవ పరీక్ష 1876-78 కరవు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. వేలమంది ఆయన శిబిరానికి వచ్చారు. ఎందరో బాప్తిస్మం అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చినవారెవరో, విశ్వాసంతో వచ్చినవారెవరో ఆకలి తీరేదాకా తెలియదని ఆయన ఉద్దేశం. సహాయం ముగిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

చాలా పుస్తకాలు 2,222 అనే అంకె దగ్గర ఆగిపోతాయి. మనం దాటి వెళ్ళాలి. ఇది తొందరపాటు కాదా అనే విమర్శ అప్పుడే వచ్చింది. కులహీనత నుండి బయటపడాలనే కోరిక కూడా ఈ కదలికకు కారణమేనని చరిత్రకారులు అంటారు. అందులో నిజముంది. అయితే గౌరవం కోరుకోవడం విశ్వాసానికి వ్యతిరేకం కాదు. ఆ వచ్చినవారు ఆ తరువాత ఎలా నిలిచారన్నదే అసలు ప్రశ్న.

5. వేరు ఎలా పారింది?

కొత్తగా చేరినవారికి చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహారాధన చేయకూడదు. వినడానికి ఇవి చిన్న నియమాలు. కాని ఊరి కట్టుబాటులో మాదిగలు జాతరలో డప్పు కొట్టాలి, ఆసామి పిలిచిన రోజు పనికి వెళ్ళాలి. కాదన్నవారికి కూలి ఆగిపోయేది, వెలివేత తప్పేది కాదు. అంటే వీరి విశ్వాసం కరవులో తిండి పెట్టిందనేవారు, కరవు తరువాత అదే విశ్వాసం కోసం వారు తిండిని పణంగా పెట్టారని కూడా చూడాలి.

ఆ ఒత్తిడిలో వారిని నిలబెట్టినవి నాలుగు. ఒకటి, తమవారిలో నుండే వచ్చిన బోధకులు. గుండ్లకమ్మలో ఆ రోజు బాప్తిస్మమిచ్చిన ఆరుగురూ తెలుగు బోధకులే. రెండు, వల్లె సంఘాలను కలిపి ఉంచిన త్రైమాసిక కూటాలు. బోధకులు ఒంగోలు వచ్చి కష్టసుఖాలు చెప్పుకుని, నేర్చుకుని తిరిగి వెళ్ళేవారు. మూడు, బడి. పల్లె బడులతో పాటు రామాయపట్నంలో బోధకుల శిక్షణ కోసం వేదాంత పాఠశాల 1870లలోనే ఏర్పడింది. నాలుగు, పాట. చదువురానివారికి పాటే గ్రంథం. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవులు తెలుగు రాగాల్లో కట్టిన కీర్తనలు తెలుగు సంఘాలన్నిటి నోటికీ అందాయి.

6. మీ పరిశీలనకు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రండి. ఫలాన్ని సంఖ్యతో, సంపదతో, స్వస్థతతో కొలిస్తే, 1867లోని ఎనిమిది మంది విఫలులు. జాతరలో డప్పు కొట్టనన్నందుకు కూలి పోగొట్టుకున్నవాడూ విఫలుడే. లేఖనాల కొలత అది కాదు. నయంకాని జబ్బుతో ఉన్న ఇంట్లో ఓర్పుతో సేవ చేసే భార్యో, కొడుకో ఉంటే, ఆత్మ ఫలాల జాబితాలో ఉన్నదే అక్కడ కాస్తున్నది.

చదువుకో, ఉద్యోగానికో పల్లె విడిచి నగరానికి వచ్చినవారికి ఈ పాఠం మరింత దగ్గరిది. చోటు మారిన మొక్కకు ముందు కావలసింది నీరు. రోజూ కొంత లేఖన పఠనం, ప్రార్థన, పేరు పెట్టి పిలిచే ఒక చిన్న సహవాసం, ఎవరో ఒకరికి చేసే సేవ: ఒంగోలు పల్లెలకు ఉపయోగపడినవి ఇవే. ఇవి పైకి కనిపించవు. వేరు కూడా కనిపించదు.

7. సారాంశం

క్రైస్తవ లేఖనాల్లో నిలిచి ఉండటం ముందు, ఫలించడం తరువాత. ఫలమంటే ప్రధానంగా మారిన నడవడి. కాపు కనిపించని కాలం గొడ్డుకాలం కానక్కరలేదు. ఒంగోలులో వేలమంది రావడం గొప్ప సంఘటనే. వెలివేతను తట్టుకుని వారు నిలవడం అంతకంటే పెద్ద సాక్ష్యం.

అభ్యాస ప్రశ్నలు

1. విత్తువాని ఉపమానంలో త్వరగా మొలకెత్తడం ఎందుకు బలహీనతగా చూపబడింది?
2. కరవు కాలంలో క్లౌ బాప్తిస్మాలు ఆపడాన్ని మీరు సమర్థిస్తారా? కారణాలు రాయండి.
3. మీకు తెలిసిన ఒక సంఘంలో లేదా కుటుంబంలో 'ఫలం' అనే మాటను ఏ అర్థంలో వాడుతున్నారో గమనించి, ఈ పాఠంతో పోల్చి ఒక పుట రాయండి.