వాల్వు కలిపిన స్వరం

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. దానికి ఏడాది ముందే, 1947 డిసెంబరులో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. అంటే జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట ఊళ్లకు తెలుగు రేడియో దగ్గరైన నాటికే వాల్వుకు వారసుడు వచ్చేశాడు. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు మన ఇళ్లలో మోగింది వాల్వులే. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ పెట్టెలు, గోడ నుంచి గోడకు కట్టిన ఏరియల్, మీట తిప్పాక వాల్వులు వేడెక్కేదాకా ఎదురుచూపు. కరెంటు లేని పల్లెల కోసం 1.4 వోల్టులకే పనిచేసే చిన్న వాల్వులూ, వాటి ప్లేటుకు 90 వోల్టులిచ్చే పెద్ద బ్యాటరీలూ ఉండేవి.

వాల్వు పుట్టింది బల్బు నుంచే. బల్బులో కాలే తీగ నుంచి దూరంగా ఉన్న లోహపు రేకుకు కరెంటు పారుతోందని ఎడిసన్ 1880లలోనే గమనించాడు. 1904లో ఫ్లెమింగ్ దాన్ని రేడియో సంకేతాన్ని పట్టే డయోడుగా మలిచాడు. 1906లో లీ డి ఫారెస్ట్ ఆ తీగకూ, ప్లేటు అనే ఆ రేకుకూ మధ్య సన్నని తీగల జాలీ పెట్టి ట్రయోడు తయారుచేశాడు. చెరువు తూము తలుపును కాస్త కదిపితే కాలువంతా పొంగినట్టు, ఆ జాలీ మీద వోల్టేజి కొంచెం మారితే ప్లేటుకు చేరే ఎలక్ట్రాన్ల ప్రవాహం ఎంతో మారుతుంది. గుసగుసను పాటగా పెంచే శక్తి అక్కడిదే. అయితే బుడ్డిలో కాస్త వాయువు ఉండాలని డి ఫారెస్ట్ నమ్మాడు. గాలిని పూర్తిగా తీసేస్తేనే మేలని ఆర్నల్డ్, లాంగ్‌మ్యూర్ తేల్చాక, అలాంటి వాల్వులతో 1915లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు టెలిఫోన్ మాట వెళ్లింది.

మరి ఇప్పటికీ కొందరు వాల్వు ఆంప్లిఫయరే కావాలని ఎందుకంటారు? 1938 నాటి 300బి అనే ట్రయోడు ఒక్కటి ఇచ్చేది సుమారు 8 వాట్లే. ఒంటరి ట్రయోడు శబ్ద తరంగాన్ని ఒక పక్క కాస్త నొక్కుతుంది. దాంతో అసలు స్వరానికి రెట్టింపు కంపనం తోడవుతుంది. గాయకుడు షడ్జమం పాడితే పైస్థాయి షడ్జమం సన్నగా కలుస్తుందన్నమాట. అది అపశ్రుతి కాదు గనుక చెవి అభ్యంతరం చెప్పదు, నిండుదనం అనుకుంటుంది. ధ్వని మరీ పెంచినప్పుడు కూడా వాల్వు తరంగాన్ని మెల్లగా వంచుతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ హద్దుదాకా శుభ్రంగా నడిచి, అక్కడ ఒక్కసారిగా తరంగం తలను కోసేస్తుంది. ఆ కోతే కర్కశం. కానీ రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే ఆంప్లిఫయర్లలో ఈ రెట్టింపు స్వరం చాలావరకు రద్దవుతుంది. కాబట్టి వాల్వు ఉంటే తీపి ఖాయమని చెప్పలేం. ఉన్నదున్నట్టు వినిపించడంలో మంచి ట్రాన్సిస్టర్‌దే పైచేయి.

పాత రేడియో మాధుర్యం కూడా అంతా వాల్వుది కాదు. మీడియం వేవ్ మీద వచ్చే విజయవాడ కార్యక్రమం మన రేడియోల్లో హెచ్చు స్వరాలు చాలావరకు కోల్పోయి వినిపించేది. మిగిలినదాన్ని చెక్కపెట్టె, వెడల్పాటి కాగితపు స్పీకరు గుండ్రంగా చేసేవి. పైగా మాయాబజార్ వచ్చిన 1957 నాటికి మైకు ఆంప్లిఫయర్లు, రికార్డింగ్ యంత్రాలు వాల్వులతో నడిచేవే. ఘంటసాల గొంతులో వాల్వు ముద్ర అప్పుడే పడింది. నేటి మామూలు ఆంప్లిఫయర్ మీద విన్నా ఆ ముద్ర చెరగదు. ఇంట్లో వాల్వు దానిపై తన వంతు కూడా కలుపుతుంది. తెలిసి కోరుకుంటే అందులో తప్పేమీ లేదు, నాకూ ఇష్టమే.

వాల్వు తన ఆరోగ్యాన్ని కంటికి చూపిస్తుంది. బుడ్డి లోపల వెండిలా మెరిసే బేరియం పూత తెల్లబడితే గాలి దూరినట్టే, వాల్వు పోయినట్టే. పాతది పీకి కొత్తది గుచ్చుకోవచ్చు. స్లొవేకియా, రష్యా, చైనాల్లో ఇప్పటికీ తయారవుతున్నాయి.

అటక మీది పెట్టెను దించినవాళ్లు ఉత్సాహంలో నేరుగా ప్లగ్గు పెట్టకూడదు. పాత కాగితపు కెపాసిటర్లు లీకైతే చివరి వాల్వు హద్దు మీరి కరెంటు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ప్లగ్గు తీశాక కూడా లోపల వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ముందు తెలిసిన మెకానిక్‌తో ఆ కెపాసిటర్లు మార్పించాలి.