గిటారు ధ్వనికి తగిన స్పీకరు

విద్యుత్ గిటారు తీగను ఊరక మీటినచో ఆ శబ్దము పక్కగదికి కూడ చాలదు. తీగ క్రింద నున్న అయస్కాంతము, దాని చుట్టునున్న తీగచుట్ట కలిసి కంపనములను బలహీనమైన విద్యుత్ తరంగములుగా మార్చును. వీనిని పెంచి స్పీకరులోని కాగితపు శంకువును కదలించునది ఆంప్లిఫయరు. కాని గిటారు వాయించువారికి ఆంప్లిఫయరు శబ్దమును పెంచు యంత్రము మాత్రమే కాదు. అది వాద్యములో సగభాగము.

ఏలన, వాల్వులను శక్తికి మించి నడపినపుడు తరంగముల శిఖరములు అణగి చదునగును. అందువలన మూలధ్వనిలో లేని అనుస్వరములు పుట్టును. పిమ్మట ఆ ధ్వని సాధారణముగా 12 అంగుళముల స్పీకరు ద్వారా వెలువడును. సుమారు 5,000 హెర్ట్జులు దాటిన కంపనములను ఈ స్పీకరు చాల తగ్గించివేయును. కనుకనే ఆ కరకుదనము వినసొంపుగా మారును. అనగా గిటారు స్పీకరు ఒక జల్లెడ వంటిది.

ఈ బరువైన సామగ్రి చేయు పని నంతటిని గణితరూపమున అనుకరించు చిన్న పెట్టెకు మోడలరు అని పేరు. 1998లో లైన్ 6 అను అమెరికా సంస్థ వెలువరించిన పాడ్ ఇట్టి వానిలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది. మోడలరు తరంగమును సెకనుకు 44,100 లేక 48,000 మారులు, కొన్నిటిలో ఇంకను ఎక్కువ మారులు, కొలిచి అంకెలుగా మార్చును. వాల్వు శిఖరములను ఎట్లు అణచునో, స్పీకరు వేనిని తగ్గించునో లెక్కించి తిరిగి తరంగముగా అందించును. స్పీకరు స్వభావమును గ్రహించుటకు దానికి ఒక క్షణికమైన స్పందనమును పంపి, అది ఇచ్చు ప్రతిస్పందనను మైక్రోఫోనుతో నమోదు చేయుదురు. గుడిగంటను ఒక్కమారు కొట్టి దాని నాదమెట్టిదో తెలిసికొనుట వంటిదే ఇది.

కొనువారు పొరపడునది ఇచ్చటనే. గిటారుకు గిటారు స్పీకరే తగినదని తలచి, మోడలరును దానికి కలుపుదురు. కాని మోడలరునుండి వచ్చు ధ్వని ఇదివరకే ఒకమారు జల్లెడ పట్టబడినది. ఆ జల్లెడ 8,000 హెర్ట్జుల కంపనమును 20 డెసిబెల్‌లు తగ్గించుననుకొందము. రెండుమారులు పట్టినచో 40 డెసిబెల్‌లు తగ్గును. తీవ్రత నూరవ వంతు కావలసినచోట పదివేలవ వంతగును. పసుపు అద్దముద్వారా తీసిన ఛాయాచిత్రమును మరల పసుపు అద్దముద్వారా చూచినట్లుండును.

కావున మార్గములు రెండే. మోడలరులోని స్పీకరు అనుకరణను ఆపివేసి, వేరొక ఆంప్లిఫయరుతో గిటారు స్పీకరును వాడవలెను. లేదా అనుకరణను ఉంచి, తనదంటూ ఏ రంగును కలుపని సమస్పందన స్పీకరును వాడవలెను. ఇట్టి స్పీకర్లలో పెక్కింటికి ఆంప్లిఫయరు లోపలనే అమర్చియుండును. మంద్రస్వరములను పెద్ద శంకువు, తారస్వరములను చిన్న కొమ్ము పలికించును.

ఇక శక్తి మాట. పెట్టెపై వ్రాసిన వాట్లను మాత్రమే చూచి బేరమాడరాదు. శక్తి రెండింతలైన పెరుగునది 3 డెసిబెల్‌లే. చెవికి సుమారు రెండింతలు బిగ్గరగా తోచుటకు 10 డెసిబెల్‌లు, అనగా పదింతల శక్తి కావలెను. ఒక స్పీకరు 1 వాటుకు 1 మీటరు దూరమున 98 డెసిబెల్‌లు ఇచ్చినచో 100 వాట్లకు 118 ఇచ్చును. 92 మాత్రమే ఇచ్చు స్పీకరు ఆ స్థాయిని అందుకొనుటకు దాదాపు 400 వాట్లు కోరును. క్షణమాత్రము నిలుచు గరిష్ఠశక్తిని గాక, ఎడతెగక ఇయ్యగల శక్తినే పోల్చి చూడవలెను.

మరియొక సంగతి. శబ్దము తక్కువైనపుడు మన చెవి మంద్రస్వరములను అంతగా గ్రహింపదని 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. ఇంటిలో మెల్లగా సరిచేసికొన్న ధ్వని వేదికపై బిగ్గరగా మ్రోగినపుడు బొంగురుపోవుటకు ఇదియే కారణము. వాయించదలచిన స్థాయిలోనే స్పీకరును పరీక్షించుట మంచిది.

ఉపాధ్యాయులు దీనిని ఆరుబయట ప్రయోగముగా చూపవచ్చును. ఒకే స్వరమును పలికించుచు, ఫోనులోని డెసిబెల్ కొలమానముతో 2 మీటర్లవద్దను, 4 మీటర్లవద్దను కొలిచినచో సుమారు 6 డెసిబెల్‌ల భేదము కనబడును. దూరము రెండింతలైన తీవ్రత నాలుగవ వంతగునను సూత్రము కంటికి కట్టును.

అయితే ప్రయోగమైనను, సంగీతమైనను మితము మరువరాదు. 85 డెసిబెల్‌ల శబ్దమును దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ కాలము సగమగుననియు అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. ఆ లెక్కన 100 డెసిబెల్‌లకు గడువు 15 నిమిషములే. చెడిన స్పీకరును మార్చుకొనవచ్చును. చెడిన చెవిని మార్చుకొనలేము.