కదిలితే మాయం!

పాతకాలం ఫొటోల్లో మనుషులు నిటారుగా కూర్చుని, నవ్వన్నదే లేకుండా బిగుసుకుపోయి కనిపిస్తారెందుకు? మర్యాద, అలవాటు లాంటి కారణాలూ ఉన్నాయనుకోండి. కానీ ఫొటో పుట్టిన కొత్తలో అసలు చిక్కు వేరు... కదిలితే బొమ్మలో ఉండరు మరి!

1838లో లూయీ డగేర్ పారిస్‌లో కిటికీలోంచి ఓ వీధిని ఫొటో తీశాడు. బండ్లతో, జనంతో కిటకిటలాడే వీధి. ఫొటోలో చూస్తే కర్ఫ్యూ పెట్టినట్లు ఖాళీ! వెండిపూత పూసిన రాగిరేకుకు అయొడిన్ ఆవిరి పట్టించి కెమెరాలో పెడితే, దానిమీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. నడిచేవాళ్లు అంతసేపు ఒకచోట ఆగరుగా, వాళ్ల జాడే పడలేదు. ఒక్కాయన మాత్రం బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు ఎత్తిపెట్టి నిలబడిపోయాడు. ఫొటోకెక్కిన తొలి మనుషుల్లో ఆయనొకడు. పేరేమిటో ఎవరికీ తెలీదు.

అంతకు పదేళ్లకు పైగా ముందు నిసెఫోర్ నియెప్స్ తీసిన ఫొటోకైతే కనీసం ఎనిమిది గంటలు పట్టి ఉంటుందని అంచనా. ఈలోగా సూర్యుడు తూర్పు నుంచి పడమరకు వెళ్లిపోయాడేమో, అందులో భవనాలకు రెండువైపులా ఎండే!

ఇలాగైతే మనిషి ముఖాన్ని తీసేదెలా? తల కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టి కూర్చోబెట్టేవారు పాపం.

కెమెరాలోకి వెలుతురు రావడమంటే కుళాయి కింద బిందె పెట్టడమే. ధార సన్నగా ఉంటే నిండటానికి చాలాసేపు పడుతుంది, పెద్దదైతే చిటికెలో పని. లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం ఎపర్చర్. అది ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో చెప్పేది షట్టర్ స్పీడు. ఫోన్ కెమెరాల వివరాల్లో ఎఫ్/1.8 అని రాసుంటుందే, అది కుళాయి సైజన్నమాట. అంకె తగ్గేకొద్దీ ధార పెరుగుతుంది. పెళ్లిలో రాత్రిపూట పరుగెత్తే పిల్లాడు ఫొటోలో అలికినట్లు పడ్డాడంటే తప్పు వాడిది కాదు, ధార చాల్లేదు. లైటు దగ్గరికి పిలిచి తీయండి.

డగేర్ కెమెరా లెన్సు దాదాపు ఎఫ్/15. ఆ కుళాయిని వెడల్పు చేసింది వియన్నా విశ్వవిద్యాలయంలో లెక్కల ప్రొఫెసర్ జోసెఫ్ పెట్స్‌వాల్. లెక్కల్లో దిట్టలైన ఫిరంగి దళం సిపాయిలు సాయంగా రాగా, నాలుగు గాజు కటకాలతో 1840లో కొత్త లెన్సు రూపొందించాడు. ఎఫ్/3.6! వెలుతురు పదిహేను రెట్లకు పైగా పెరిగింది. రేకు మీద పూసే రసాయనాలూ మెరుగుపడటంతో నిమిషాల పని సెకన్లలోకి దిగింది. ముఖం స్పష్టంగా, చుట్టూ మసకగా రావడం ఆ లెన్సు ప్రత్యేకత. ఇప్పుడు ఫోన్లు పోర్ట్రెయిట్ మోడ్ అని లెక్కలు కట్టి మరీ తెచ్చిపెట్టే మసక అలాంటిదే.

లెన్సును తయారుచేసి అమ్మిన ఫోక్ట్‌లెండర్ కంపెనీ బాగా గడించింది. పెట్స్‌వాల్‌కు దక్కింది మాత్రం ఒక్కసారి ఇచ్చిన కొద్దిపాటి సొమ్మే. గొడవలయ్యాయి. 1859లో ఆయన ఇంట్లో దొంగలు పడితే ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలు పోయాయి. ఆ తర్వాత పెట్స్‌వాల్ కటకాలను పక్కనపెట్టి, శబ్దం గురించిన పరిశోధనలోకి వెళ్లిపోయాడు.