ఆడాలి... ఇంకొక్కసారి!

ఒంట్లో హెచ్‌ఐవీ. కళ్లముందే కన్నుమూస్తున్న మిత్రులు. అయినా టోనియోకి ఒకటే ధ్యాస... నాట్యం! 1996లో వచ్చిన బ్రిటిష్ చిత్రం 'అలైవ్ అండ్ కికింగ్'లో కథానాయకుడు ఇతనే. బ్యాలే కళాకారుడు, స్వలింగ ప్రేమికుడు.

అతని బృందం మూతపడబోతోంది. దాన్ని నడిపే లూనాకి జ్ఞాపకశక్తి తగ్గిపోతోంది. ఆలోపే 'ఇండియన్ సమ్మర్' బ్యాలేని చివరిసారిగా ఆడాలన్నది టోనియో పట్టుదల. అంతలో ఎయిడ్స్ రోగులకు ధైర్యం చెప్పే కౌన్సెలర్ జాక్‌తో ప్రేమ. రోజూ ఎందరినో ఊరడించే జాక్, ఇప్పుడు అదే బాధను తన ఇంట్లోనే చూడాలి!

టోనియోగా జేసన్ ఫ్లెమింగ్, జాక్‌గా ఆంటొనీ షెర్ నటించారు. రచన మార్టిన్ షెర్మన్, దర్శకత్వం నాన్సీ మెక్లర్. చావు కథేమో అనుకుని కూర్చుంటే... కనిపించేది బతుకు మీద మమకారం.

విశేషమేంటంటే, కొన్ని మందుల్ని కలిపి వాడితే వైరస్ అదుపులో ఉంటుందని వాంకూవర్ సదస్సులో వైద్యులు చాటిందీ ఆ ఏడాదే. మన ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుంచి ఈ మందుల్ని ఉచితంగా ఇస్తోంది. వాటిని క్రమం తప్పకుండా వాడి, పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గితే లైంగికంగా భాగస్వామికి సోకదు.

ఇవాళ్టి టోనియో మాత్ర వేసుకుని రిహార్సల్‌కి వెళ్లిపోవచ్చు. అది ఆఖరి ప్రదర్శన కానక్కర్లేదు. మారాల్సింది ఇక చూసే కళ్లే!