ఏ కుంచంతో కొలిసినారో అడగండి

రేడియేషన్ మాట వస్తే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రెండే గొంతులు వినిపిస్తాయి. ‘ఏటీ అవదు’ అనీ ఆఫీసరు గొంతొకటి, ‘అందరికీ కేన్సరే’ అనీ వాట్సాప్ గొంతొకటి. ఇద్దరి చేతిలోనూ ఒక అంకె ఉంటాది. ఆ అంకె ఎలాగ పుట్టినాదో ఇద్దరూ చెప్పరు.

మన ఇళ్లల్లో కుంచం ఇంకా అక్కడక్కడ ఉన్నాది. కుంచం నిండా ధాన్యం పోసి, కాటా మీద పెట్టి, ఇన్ని కిలోలని గుర్తు పెట్టుకున్నారనుకోండి. రేపు అదే కుంచంలో చోళ్లు పోసి అదే లెక్క చెప్తే తప్పవుద్ది. చోడి గింజ చిన్నది, సందు లేకుండా సర్దుకుంటాది, ఎక్కువ తూగుతాది. ఇక్కడ కుంచం అబద్ధమాడనేదు. ధాన్యంతో కట్టిన లెక్కని చోళ్లకి వాడ్డమే తప్పు. రేడియేషన్ కొలిసీ పనిముట్లకి కూడా ఈ రోగమే ఉన్నాది. కిరణం జోరు మారితే, అంటే శక్తి మారితే, పనిముట్టు చూపించే అంకె మారిపోద్ది. దీన్నే ఎనర్జీ డిపెండెన్స్ అంటారు.

కిరణం శక్తిని కేఈవీల్లో చెప్తారు. వెయ్యి కేఈవీలైతే ఒక ఎంఈవీ. కాలిరిగినప్పుడు తీసే ఎక్స్‌రేలో చాలా కిరణాలు 30 నుంచి 60 కేఈవీల మధ్యన ఉంటాయి. కేన్సర్‌కి కరెంటు పెట్టే కోబాల్ట్-60 మిషన్ కిరణాలు 1.17, 1.33 ఎంఈవీలు. గర్భాశయ ముఖద్వారం కేన్సర్ వచ్చిన ఆడోళ్లకి లోపలే పెట్టే ఇరిడియం-192 సగటున 0.38 ఎంఈవీ. అన్నిటినీ రేడియేషన్ అనీ ఒకే పేరుతో పిలుస్తాం గానీ, ధాన్యానికీ చోళ్లకీ ఉన్నంత తేడా ఉన్నాది.

మనోళ్లు ట్రీట్‌మెంట్‌కి విశాఖ పోతారు కదా, అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి లాంటి చోట్లకి. రోగి ఒంటికి పెట్టకముందు కిరణం సరైన చోట, సరైన మోతాదులో పడతాదో లేదో ఫిజిసిస్టులు పరీక్ష చేస్తారు. దానికి ప్రపంచమంతా వాడే పరికరాల్లో రేడియోక్రోమిక్ ఫిల్మ్ ఒకటి. పల్చటి ప్లాస్టిక్ రేకు. కిరణం తగిలితే లోపలి రసాయనం గొలుసుకట్టుగా అతుక్కొని రంగు ముదురుద్ది. చీకటి గది అక్కర్లేదు, కడగక్కర్లేదు. ఒక రోజు ఆగి, స్కానర్ మీద పెట్టి, రంగుని బట్టి మోతాదు లెక్క కడతారు.

పాత ఎక్స్‌రే ఫిల్ములో వెండి ఉండీది. చిక్కంతా అక్కడే. శక్తి ఎక్కువున్న కిరణం ఎలక్ట్రాన్‌ని గుద్ది ముందుకెళ్లిపోద్ది. దానికి వెండైనా ఒళ్లయినా గ్రాముకి గ్రాము ఇంచుమించు ఒక్కటే. శక్తి తక్కువున్న కిరణం అలాక్కాదు. దాన్ని పరమాణువు అమాంతం మింగేస్తాది. మింగే తిండి పరమాణు సంఖ్య ఘనం లెక్కన పెరుగుద్ది. వెండి సంఖ్య 47, మన కండకి సగటున ఏడున్నర దరిదాపు. అందుకే ఎక్స్‌రే శక్తుల దగ్గర వెండి ఫిల్ము పది రెట్ల దాకా ఎక్కువ చూపించేస్తాది.

రేడియోక్రోమిక్ ఫిల్మ్‌కి దీనికి తిరగబడ్డ జబ్బు. పాత ఎండీ-55 రకం సంఖ్య సుమారు 6.5, నీటిది 7.4. చిన్న తేడాయే అనుకుంటాం. రెండిటినీ ఘనం చేసి చూడండి: ఒకటి 275, రెండోది 405. మూడింట ఒక వంతు దగ్గరదగ్గర తగ్గిపోనాది! నిజంగానే తక్కువ శక్తి ఎక్స్‌రేలకి ఆ ఫిల్ము 30 శాతం, ఇంకా ఎక్కువ కూడా తక్కువ చూపించీది. 2004లో వచ్చిన ఈబీటీ రకంలో కూర్పు మార్చి దీన్ని చాలా మట్టుకు సర్దినారు. తరవాతొచ్చిన ఈబీటీ2లో బ్యాచ్ మారితే స్పందన మారినట్టు మళ్లీ బయటపడ్డాది. అందుకే మంచి ఫిజిసిస్టు కొత్త పెట్టె విప్పినప్పుడల్లా మళ్లీ కొలత కట్టుకుంటాడు, అదీ తను వాడబోయే కిరణంతోనే. ఈ పనికి టైమూ మనుషులూ కావాలి. ఆసుపత్రి కట్టినాం, మిషన్ తెచ్చినాం అని ఫొటోలు దిగీవోళ్లు ఫిజిసిస్టు పోస్టుల ఊసెత్తరు.

స్కానింగ్ సెంటర్లలో పని చేసే మన కుర్రోళ్ల చొక్కాకి ఉండే టీఎల్‌డీ బ్యాడ్జీ చూడండి. అందులోది డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్. కాల్షియం సంఖ్య 20, కాబట్టి 30 కేఈవీ దగ్గర అదీ పది రెట్ల దాకా ఎక్కువ చూపిస్తాది. మరి దాన్నెలా నమ్మడం? లోపల మూడు బిళ్లలుంటాయి. ఒకటి లోహం కింద, ఒకటి ప్లాస్టిక్ కింద, ఒకటి ఖాళీగా. మూడూ చూపించిన తేడాని బట్టి ఎంత శక్తి కిరణం తగిలినాదో పట్టుకొని, లెక్క సరిచేస్తారు. తెలివైన ఏర్పాటే. గానీ బ్యాడ్జీని సొరుగులో పడేసి పని చేయించీ ఓనర్ల దగ్గర ఏ తెలివీ పనికిరాదు. తమ్ముడూ, మూడు నెలలకోసారి వచ్చే నీ రిపోర్టు నువ్వు అడిగి చూసుకో. అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు.

ఇక రణస్థలం మండలం కొవ్వాడ. ఒక్కోటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. భావనపాడు, కళింగపట్నం తీరాల్లో మోనజైట్ ఇసకుంది, అందులో థోరియం ఉన్నాది. ఆ థోరియం సంతతి కిరణాలు పదుల కేఈవీల నుంచి 2.6 ఎంఈవీ దాకా ఉంటాయి. అంటే ధాన్యం, చోళ్లు, గంటెలు అన్నీ కలిపిన బస్తా. ఆన్‌లైన్‌లో కొన్న గైగర్ మీటరుకి సాధారణంగా సీజియం-137తో, 662 కేఈవీ దగ్గర కొలత కడతారు. లోపల సర్దుబాటు రేకు లేకపోతే 60 కేఈవీ దగ్గర కొన్ని రెట్లు ఎక్కువ కొడతాది. మీటరు కీచుమందని వీడియో పెట్టీవోళ్లు ఇది చూసుకోవాలి. మనం తప్పుడంకె చెప్తే అవతలోడికి పండగే.

అలాగని ఆఫీసరు అంకెకి దండం పెట్టమని కాదు. రియాక్టర్ రాకముందు మన ఊళ్లలో ఉన్న రేడియేషన్ ఎంతో ఇప్పుడే కొలిసి, ఊరోళ్ల చేతికి కాయితం ఇవ్వాలి. ఆ కాయితం మీద అంకొక్కటే ఉంటే చాలదు. ఏ పనిముట్టు, దేనితో కొలత కట్టినారు, ఎప్పుడు కట్టినారు, ఎంత శక్తి నుంచి ఎంత దాకా పట్టుద్ది, ఎక్కడ ఎంత ఎత్తులో పెట్టినారు — ఇవి తెలుగులో రాసుండాలి. గ్రామసభలో ఇవి అడగండి, సమాచార హక్కు చట్టం కింద కూడా అడగండి. అలాగే మీ మీటరు కాయితం మీద సీజియం-137 అని ఉందో లేదో, ఏ శక్తుల మధ్యన పని చేస్తాదో, ముందు మీరు చదువుకొని వెళ్లండి.