పిడికిలి విప్పే పని

"బాబాయ్ గారూ, ఏదీ, వేళ్లు విప్పండి."

కుడిచెయ్యి కదలదు. బొటనవేలు లోపలికి ముడుచుకుని, మిగతా నాలుగూ దానిమీద బిగుసుకుపోయి ఉంటాయి. ఫిజియోథెరపిస్టు మణికట్టు కింద చెయ్యి ఆనించి, ఒక్కో వేలూ మెల్లగా తెరుస్తుంది. "ఇప్పుడు మీరు." చూపుడువేలు గింజంత కదులుతుంది. గుమ్మంలో ఇల్లాలు కళ్లొత్తుకుంటుంది. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకల్లోనైనా పక్షవాతం తగిలిన ఇంట ఆశ మొదలయ్యేది ఇలాంటి కదలికతోనే.

ఇంటికొచ్చాకే అసలు వైద్యం

మూతి వంకరపోయినా, మాట ముద్దయినా, చెయ్యి వాలిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే పడాలి. ఈ సంగతి తెలిసినవారూ ఉన్నారు. ప్రాణం గట్టెక్కాక మాత్రం "ఇక ఇంతేలే" అనుకుంటారు. కొందరు పసరుమందు కోసం, పావురం మాంసం కోసం తిరుగుతారు. మెదడు బాగా తేరుకునే తొలి 3 నెలలూ ఆ తిరుగుడులోనే పోతాయి.

చచ్చిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. అయితే మిగిలిన కణాలు వాటి పనిని నేర్చుకోగలవు. అందుకు సాధన కావాలి. ఏలూరు తివాచీలో ఒక్క ముడికి పువ్వు కనపడదు, వేల ముళ్లు పడ్డాకే రేకు విచ్చుకుంటుంది. చేతి సంగతీ అంతే. గ్లాసు పట్టుకోవడం రావాలంటే గ్లాసునే వందలసార్లు పట్టుకోవాలి. నూనె మర్దన హాయినిస్తుంది గానీ ఆ పని నేర్పదు. వేళ్లు కాస్తయినా కదిలేవారికి అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ ఒక దారి చూపారు: బాగున్న చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేతితోనే పనులు చేయించడం. 222 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఇది మేలు చేసింది.

ప్రేమకు తోడు నేర్పు

పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని లేపకూడదు, భుజం కీలు జారుతుంది. బిగుసుకున్న చేతికి బంతి ఇచ్చి పిసకమంటారు. కానీ ఆ చెయ్యి నేర్చుకోవాల్సింది విప్పుకోవడం. ఇలాంటివి ఇంటివారికి ఒకసారి చెప్పి పంపితే సరిపోతుందా? మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో 'అటెండ్' అధ్యయనం చేశారు. వీరిలో సగంమంది ఇళ్లవారికి వ్యాయామాలు నేర్పారు. 6 నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవారికీ వీరికీ తేడా కనిపించలేదని 2017లో తేలింది. ఇంటివారి సేవ ఎంతో గొప్పది, దాని పక్కన శిక్షణ పొందిన చెయ్యి కూడా ఉండాలి.

పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఆ ఇళ్లకు అది కొండంత అండ. మంచాన పడకముందే లేపి నిలబెట్టే సాయం కూడా అందాలి. రెక్కాడితేగానీ డొక్కాడని ఇంట్లో, కూలి మానుకుని, ఆటో కట్టించుకుని రోజూ ఏలూరు తీసుకెళ్లేదెవరు? వారానికి రెండు రోజులైనా ఫిజియో ఊరి ఆరోగ్య కేంద్రానికి రావాలి. గింజంత కదిలిన వేలు రేపు అన్నం ముద్ద కలపాలంటే, "ఏదీ, ఇంకోసారి" అనే మనిషి రేపు కూడా రావాలి.